భయానక చిత్రాల పోస్టర్లు: దృశ్య సంప్రదాయాలను చదవడం

గోడ మీద అతికించిన పోస్టర్‌ను దాటిపోవడానికి మనిషికి పట్టే సమయం కొన్ని క్షణాలే. బస్సు కిటికీలోంచి చూస్తే ఇంకా తక్కువ. ఆ కొద్ది సమయంలోనే అది దెయ్యం సినిమా అని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. సినిమా పేరు చదవడం రానివాళ్లు సైతం గుర్తుపడతారు. కథ తెలియదు, దర్శకుడు ఎవరో తెలియదు, అయినా గుర్తింపు మాత్రం తప్పదు. ఈ గుర్తింపును సాధ్యం చేసే అలవాటైన గుర్తులను దృశ్య సంప్రదాయాలు అంటాం. చీకటి, పాడుబడిన ఇల్లు, విరబోసుకున్న జుట్టు, కారుతున్నట్టున్న అక్షరాలు ఇవన్నీ ఆ కోవలోవే.

అయితే ఇలాంటి గుర్తుల పట్టిక తయారుచేసుకుంటే విశ్లేషణ పూర్తయినట్టు కాదు. ఈ పాఠంలో మనం ప్రధానంగా రెండు ప్రశ్నలు వేసుకుందాం. భయపెట్టే వస్తువును పోస్టర్ ఎంతవరకు చూపుతోంది, ఎంతవరకు దాస్తోంది? దాచినప్పుడు ఆ ఖాళీలో ఎవరిని నిలబెడుతోంది? రెండో ప్రశ్నకు వచ్చే జవాబు సినిమా వ్యాపారాన్ని దాటి మన సమాజం దాకా వెళుతుంది.

వాచ్యం, వ్యంగ్యం, లంగరు

బొమ్మను చదవడానికి పాశ్చాత్య సంకేతశాస్త్రం రెండు స్థాయిలను చెబుతుంది. బొమ్మలో ఉన్నదేమిటో చెప్పడం మొదటి స్థాయి. అది మనకు స్ఫురింపజేసేదేమిటో చెప్పడం రెండో స్థాయి. తెలుగు సాహిత్యం చదివిన విద్యార్థికి ఇది పూర్తిగా కొత్త విషయం కాదు. అభిధ, వ్యంజన అనే మాటలతో మన ఆలంకారికులు చర్చించిన విషయానికి ఇది దగ్గరగానే ఉంటుంది. పోస్టర్‌లో ఒక ఇల్లు, వెలుగుతున్న కిటికీ ఉన్నాయనుకుందాం. ‘ఇంట్లో దీపం వెలుగుతోంది’ అన్నది వాచ్యం. ‘ఆ గదిలో ఏదో జరుగుతోంది’ అన్నది వ్యంగ్యం.

చిక్కేమిటంటే బొమ్మకు ఒకే వ్యంగ్యార్థం ఉండదు. అదే ఇల్లు, అదే కిటికీ ప్రేమకథకూ సరిపోతాయి. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో రాసిన ‘బొమ్మ అలంకారశాస్త్రం’ అనే వ్యాసంలో పంజానీ అనే పాస్తా కంపెనీ ప్రకటనను విశ్లేషిస్తూ దీన్నే చర్చించాడు. బొమ్మ అర్థాలు నీటిలో పడవలా అటూ ఇటూ కదులుతుంటాయి, పక్కనున్న మాటలు వాటికి లంగరు వేస్తాయి అన్నది ఆయన వాదన. పోస్టర్ మీద సినిమా పేరు, దాని కింద ఉండే ఒక్క వాక్యం చేసే పని ఇదే. ‘రోజ్‌మేరీస్ బేబీ’ (1968) పోస్టర్‌ను చూడండి. పైకి చూస్తున్న ఒక స్త్రీ ముఖం ఆకుపచ్చ ఛాయలో పోస్టరంతా పరుచుకుని ఉంటుంది. రాళ్ల గుట్ట మీద చంటిపిల్లల తోపుడు బండి చిన్న నల్లని ఆకారంగా కనిపిస్తుంది. భయంకరమైనది అందులో ఏదీ లేదు. రోజ్‌మేరీ బిడ్డ కోసం ప్రార్థించమని అడిగే చిన్న వాక్యం చదివాకే ఆ బండిలో ఏముందోనన్న అనుమానం మొదలవుతుంది. బిడ్డ మాత్రం కనిపించదు.

ఏది చూపాలి, ఏది దాచాలి

ఇక్కడ రససిద్ధాంతం మనకు మంచి పనిముట్టు అవుతుంది. భయానక రసానికి స్థాయీభావం భయం. దాన్ని కలిగించే కారణాలను నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం వివరిస్తుంది. వికృతమైన ధ్వనులు, భూతాలు కనిపించడం, నక్కల ఊళలు, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహాలు, అరణ్యాలు అందులో ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి ఈ పట్టికను నేటి పోస్టర్ల పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పాడుబడిన ఇల్లు, అడవి ఇప్పటికీ ఉద్యోగం మానలేదు. భయానకానికి నలుపు, రౌద్రానికి ఎరుపు అని రంగులు కూడా నాట్యశాస్త్రంలోనే ఉన్నాయి.

తర్వాతి ఆలంకారికులు విభావాన్ని రెండుగా విడదీశారు. భావానికి మూలమైన వస్తువు ఆలంబన విభావం. ఆ భావాన్ని రెచ్చగొట్టే పరిసరాలు ఉద్దీపన విభావాలు. భావం కలిగినవారి ఒంటి మీద కనిపించే గుర్తులు అనుభావాలు. దెయ్యం ఆలంబనం, అర్ధరాత్రి, శ్మశానం ఉద్దీపనాలు, వణుకు, తెరుచుకుపోయిన కళ్లు, కేక అనుభావాలు. ఏ భయానక చిత్రం పోస్టరైనా ఈ మూడింటిలో దేన్ని ముందుకు తెచ్చిందో, దేన్ని వెనక్కి నెట్టిందో చూస్తే దాని పద్ధతి బయటపడుతుంది.

హాలీవుడ్‌లో యూనివర్సల్ కంపెనీ 1931లో ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టయిన్’, 1932లో ‘ది మమ్మీ’ తీసింది. వాటి పోస్టర్లు ఆలంబనాన్ని దాచలేదు. అప్పట్లో రాక్షసుడి ముఖమే అమ్ముడుపోయే సరుకు. కారోలీ గ్రోస్ రూపొందించిన ‘ది మమ్మీ’ పోస్టర్‌లో కట్లు కట్టిన శవం నిలబడి ఉంటే, దాని పక్కన ఎర్ర దుస్తుల్లో ఒక అందమైన స్త్రీ ఉంటుంది. రాక్షసుడు, స్త్రీ అనే ఈ జంట తర్వాతి పోస్టర్లకు వరవడి అయింది. (ఆ పోస్టర్ ప్రతి ఒకటి 1997లో వేలంలో 4,53,500 డాలర్లు పలికింది. గోడకు అంటించి చింపేయడానికి అచ్చువేసిన కాగితానికి అంత ధర!)

1970ల నాటికి ఈ పద్ధతి మారింది. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973) దెయ్యం పట్టిన ఒక బాలిక కథ. ఆ బాలిక ముఖం సినిమాలో ఎంత భయంకరంగా ఉంటుందో చూసినవారికి తెలుసు. బిల్ గోల్డ్ రూపొందించిన పోస్టర్‌లో మాత్రం ఆ అమ్మాయి లేనే లేదు. రాత్రివేళ ఒక ఇల్లు, ఇంటి ముందు వీధి దీపం, దీపం కింద టోపీ పెట్టుకుని చేతిలో సంచితో నిలబడ్డ ఒక మనిషి. అతని ముఖం కనిపించదు, నల్లని నీడలా ఉంటాడు. పై అంతస్తు కిటికీలోంచి వెలుగు అతని మీదికి వచ్చి పడుతోంది. ఆ సన్నివేశానికి బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ వేసిన ‘వెలుగుల సామ్రాజ్యం’ చిత్రాలు స్ఫూర్తి.

మన పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ ఆలంబనం లేదు, అనుభావమూ లేదు. ఉన్నదంతా ఉద్దీపనమే. ఇంకో సంగతి కూడా చూడండి. మామూలుగా వెలుగు అంటే రక్షణ, చీకటి అంటే ప్రమాదం. ఈ పోస్టర్‌లో ప్రమాదం ఉన్న గదిలోంచే వెలుగు వస్తోంది. ఆ మనిషి చీకట్లో నిలబడి వెలుగులోకి వెళ్లడానికి సిద్ధమవుతున్నాడు. సంప్రదాయాన్ని వాడుకుంటూనే దాన్ని తిరగేయడం అంటే ఇదే. ‘నలుపు మరణానికి గుర్తు’ అని రాసి ఊరుకునే విద్యార్థి ఈ పోస్టర్‌లో ఉన్న అసలు విషయాన్ని వదిలేసినట్టే.

ఫిలిప్ గిప్స్ చేసిన ‘ఏలియన్’ (1979) పోస్టర్ కూడా ఇలాంటిదే. నల్లని ఖాళీలో పగులుతున్న ఒక గుడ్డు, పగులులోంచి పచ్చని వెలుగు, పైన ఎడంగా పేర్చిన అక్షరాలు. అంతరిక్షంలో మీరు అరిచినా ఎవరికీ వినిపించదని చెప్పే వాక్యం ఒకటి. గుడ్డు సినిమాలో ఉన్న గుడ్డులా ఉండదు. పోస్టర్ సినిమాలోని దృశ్యాన్ని చూపి తీరాలన్న నియమం లేదనడానికి ఇది ఉదాహరణ. ఆ వాక్యం చేసే పని మీద కాస్త ఆగండి. కేక ఒక అనుభావం. ఆ కేకకు వినేవాడే లేడని చెప్పి, బొమ్మలో చూపని భయాన్ని మాటతో పుట్టించింది.

దీనికి ఎదురుగా ‘జాస్’ (1975) పోస్టర్‌ను పెట్టి చూడాలి. రోజర్ కాస్టెల్ వేసిన ఈ బొమ్మ మొదట నవల చౌక ముద్రణకు అట్ట మీద వచ్చింది, తర్వాత పోస్టరైంది. నీటి పైభాగంలో ఒక యువతి ఈదుతోంది. కింది నుంచి నోరు తెరిచిన బ్రహ్మాండమైన సొరచేప నిటారుగా పైకి వస్తోంది. ఆలంబనం పూర్తిగా మన కళ్లెదుటే ఉంది. దాచడమే గొప్ప అని మనం ఇప్పటిదాకా అనుకున్నది ఇక్కడ పనిచేయదా? పనిచేస్తుంది, కానీ మరోలా. సొరచేపను పోస్టర్ మన దగ్గర దాచలేదు, ఆ ఈదే అమ్మాయి దగ్గర దాచింది. ఆమె ముఖంలో భయం లేదు, ఎందుకంటే ఆమెకు తెలియదు. తెలిసింది మనకే. అందువల్ల అనుభావం పోస్టర్‌లోని పాత్రను వదిలి చూసేవాడి ఒంటి మీదికి వస్తుంది. తమాషా ఏమిటంటే సినిమాలో సొరచేప చాలాసేపటి వరకు సరిగా కనిపించనే కనిపించదు.

కాబట్టి పోస్టర్‌ను చూసినప్పుడు ‘ఏం దాచింది?’ అనే ప్రశ్నతో పాటు ‘ఎవరి దగ్గర దాచింది?’ అని కూడా అడగాలి. మనల్ని ఎక్కడ నిలబెట్టిందో దీనివల్ల తెలుస్తుంది. కొన్ని పోస్టర్లు మనల్ని భయపడే మనిషి పక్కన నిలబెడతాయి. కొన్ని వేటాడేవాడి వెనక నిలబెట్టి అతని కళ్లతో చూపిస్తాయి. ఈ రెండో రకం పోస్టర్లలో అటువైపు ఉండేది చాలావరకు ఆడపిల్లే.

తెల్ల చీర, విరబోసిన జుట్టు

భయానక చిత్రాల పోస్టర్లలో స్త్రీకి సాధారణంగా రెండే పాత్రలు దొరుకుతాయి. ఒకటి భయపడే ముఖం, రెండోది భయపెట్టే ఆకారం. మొదటిదానికి ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ (1991) పోస్టర్ సూక్ష్మమైన ఉదాహరణ. దాన్ని నేరకథ అనాలా, భయానకం అనాలా అన్న వాదన ఉంది, పోస్టర్ మట్టుకు భయానకమే. పాలిపోయిన స్త్రీ ముఖం, పెదవుల మీద వాలిన ఒక చిమ్మట. నోరు మూతపడింది కాబట్టి కేక లేదు. చిమ్మట వీపు మీద పుర్రె గుర్తుంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ పుర్రె ఏడుగురు నగ్న స్త్రీల శరీరాలతో పేర్చింది. సాల్వడార్ డాలీతో కలిసి ఫిలిప్ హాల్స్‌మన్ తీసిన ఒక ఫొటో నుంచి తెచ్చినది అది. హంతకుడు స్త్రీల శరీరాలను ఎలా చూస్తాడో చెప్పడానికి పోస్టర్ కూడా అదే పని చేసింది. ఇది విమర్శా, పునరావృతమా అన్నది తరగతిలో చర్చించదగిన ప్రశ్న.

రెండో పాత్ర మనకు బాగా దగ్గరది. తెల్ల చీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, ముఖం సగమో మొత్తమో కప్పుకుపోయి నిలబడ్డ స్త్రీ. రాజ్ ఖోస్లా తీసిన హిందీ చిత్రం ‘వో కౌన్ థీ?’ (1964)లో వానలో తెల్ల చీరతో నిలబడ్డ సాధన రూపాన్ని ప్రేక్షకులు మరిచిపోలేదు. ఆ కథే తెలుగులో ‘ఆమె ఎవరు?’ (1966)గా వచ్చింది. నాటి నుంచి నేటి వరకు ఆ ఆకారం పెద్దగా మారలేదు. పోస్టర్‌లో చీర కొంగు ఒకటి కనిపిస్తే చాలు, మిగతాది మనమే ఊహించుకుంటాం.

జపాన్ చిత్రం ‘రింగు’ (1998) వల్ల ప్రపంచానికంతటికీ తెలిసిన దెయ్యం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తెల్లని దుస్తులు, ముఖాన్ని కప్పేసిన పొడవాటి నల్లని జుట్టు. రెండూ ఒకటేననిపిస్తుంది, కానీ మూలాలు వేరు. జపాన్ చిత్రకళలో యూరే అనే ప్రేతరూపానికి తెల్ల దుస్తులు వచ్చింది అంత్యక్రియల్లో శవానికి తొడిగే వస్త్రం నుంచి. 18వ శతాబ్దపు చిత్రకారుడు మరుయామా ఓక్యో పేరు ఈ రూపంతో ముడిపడి ఉంది. అంటే అక్కడ తెలుపు చనిపోయినవారిది.

మన దగ్గర తెల్ల చీర శవానిది కాదు. బతికున్న మనిషిది, వితంతువుది. బొట్టు, గాజులు, పూలు, రంగు చీర తీసేయించి ఆమెకు తెల్ల చీర కట్టించింది కుటుంబమూ, ఆచారమూ. పొద్దున్నే ఎదురొస్తే అపశకునం అన్నదీ, శుభకార్యాల్లో ముందుకు రానివ్వనిదీ ఆ ఆచారమే. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్నది ఈ భయాన్నే. పోస్టర్ కళాకారుడు ఈ చరిత్రంతా తలచుకుని ఆ బొమ్మ వేసి ఉండడు. అలవాటుగా వేసి ఉంటాడు. సంప్రదాయం పనిచేసేదే అలా. ఆలోచించకుండానే వాడతాం, ఆలోచించకుండానే అర్థం చేసుకుంటాం. కానీ తెల్ల చీరను చూడగానే మనకు కలిగే ఉలికిపాటు సహజమైనది కాదు, నేర్చుకున్నది. ఎవరి ఉనికిని అపశకునంగా చూశామో వారి దుస్తులనే దెయ్యానికి తొడిగాం.

జుట్టు విషయం ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. కొన్ని కులాల్లో వితంతువుకు శిరోముండనం చేయించేవారు. అలాంటప్పుడు తెల్ల చీర పక్కన ఒత్తయిన జుట్టు ఎలా వచ్చింది? అది మరో చోటి నుంచి వచ్చింది. ముడి వేయని జుట్టు మన దగ్గర దుఃఖానికీ, తీరని పగకూ, పూనకానికీ గుర్తు. ద్రౌపది జుట్టును గుర్తు చేసుకోండి, జాతరలో పూనిన స్త్రీని గుర్తు చేసుకోండి. అదుపులో లేని శక్తి అన్న అర్థం అందులో ఉంది. అంటే పోస్టర్ దెయ్యం ఏ ఒక్క నిజమైన స్త్రీకీ బొమ్మ కాదు. అణచివేతకు గుర్తయిన చీరనూ, తిరుగుబాటుకు గుర్తయిన జుట్టునూ కలిపి కుట్టిన బొమ్మ. అన్యాయంగా చచ్చిపోయి పగ తీర్చుకోవడానికి వచ్చిన స్త్రీ కథలు మన సినిమాల్లో అన్ని ఉండడానికీ, ఈ రూపం వాటికి అంత చక్కగా అమరడానికీ కారణం ఇదేనని నా అభిప్రాయం.

కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన ‘అరుంధతి’ (2009) ఈ అమరికను కొంత మార్చింది. భయపెట్టే ప్రేతం అందులో మగవాడిది. ప్రచారంలో జనం మనసులో నిలిచింది జేజమ్మగా అనుష్క ముఖం. పెద్ద ఎర్రని బొట్టు, నగలు, రంగు చీర. వితంతు దెయ్యానికి తీసేసినవన్నీ ఇక్కడ తిరిగి వచ్చాయి. ఎర్ర రంగు పశ్చిమ దేశాల పోస్టర్లలో రక్తమైతే, ఇక్కడ అదే రంగు కుంకుమగా రక్షణను సూచిస్తుంది. ఒక రంగుకు ఒకే అర్థం ఉండదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

తార ముఖం, అక్షరం

పైన చూసిన అమెరికన్ పోస్టర్ల పద్ధతి తెలుగులో అలాగే నడవదు. దానికి వ్యాపార కారణం ఉంది. మన పోస్టర్ మొదట అమ్మేది తారను. ‘ది ఎక్సార్సిస్ట్’లోలా కథానాయకుడి ముఖాన్ని నీడలో పడేస్తామంటే నిర్మాతలు సులభంగా ఒప్పుకోరు. ‘చంద్రముఖి’ (2005)లో కథకు కేంద్రం జ్యోతిక పాత్రే అయినా ప్రచారమంతా రజనీకాంత్ చుట్టూ తిరిగింది. తార నటించని చిన్న చిత్రానికి దాచుకునే స్వేచ్ఛ ఎక్కువ. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) తర్వాత మన దగ్గర చిన్న బడ్జెట్ భయానక చిత్రాలు రావడానికి ఇదీ ఒక వెసులుబాటు. హాస్యం కలిపిన దెయ్యం సినిమాలకు మరో పద్ధతి ఉంది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) తర్వాత వరుసగా వచ్చిన ఈ రకం చిత్రాల ప్రచారంలో నోరు తెరిచిన హాస్యనటుల ముఖాలు ముందుంటాయి. అక్కడ అనుభావాన్ని అతిగా చూపి భయాన్ని నవ్వుగా మారుస్తారు.

ఇక అక్షరాలు. ‘సైకో’ (1960) పేరులోని విరిగిన అక్షరాలను టోనీ పల్లడీనో మొదట ఆ నవల అట్ట కోసం గీశాడు. పాత్ర మనసు ముక్కలైన సంగతిని అక్షరమే చెప్పింది. రోమన్ లిపిలో నిలువు గీతలు, కోణాలు ఎక్కువ కాబట్టి విరగ్గొట్టడం, పదును పెట్టడం తేలిక. తెలుగు లిపి గుండ్రనిది, స్వభావరీత్యా సౌమ్యంగా కనిపిస్తుంది. అందుకే మన పబ్లిసిటీ డిజైనర్లు అక్షరం శరీరాన్ని వదిలి దాని అంచుల మీద పనిచేస్తారు. తలకట్టును కొడవలిలా సాగదీస్తారు, కొమ్మును గోరులా దించుతారు, వత్తును కిందికి కారుస్తారు. ఈసారి ఏదైనా భయానక చిత్రం పేరును చూసినప్పుడు ఏ అక్షరంలో ఏ భాగాన్ని మార్చారో గమనించండి.

అభ్యాసం

1. ఒక తెలుగు భయానక చిత్రం పోస్టర్‌ను ఎంచుకోండి. గోడ మీదిదైనా, ఫోన్‌లో చూసిన ఫస్ట్‌లుక్ అయినా సరే. పేరు, కింది వాక్యం ఉన్న భాగాన్ని కాగితంతో కప్పి, మిగిలిన బొమ్మకు ఎన్ని అర్థాలు రావచ్చో రాయండి. తర్వాత కాగితం తీసి, మాటలు ఏ అర్థానికి లంగరు వేశాయో, ఏ అర్థాలను తోసేశాయో రాయండి.

2. అదే పోస్టర్‌లో ఆలంబనం, ఉద్దీపనం, అనుభావం ఏవో గుర్తించండి. లేనిది ఏది? అది ఎవరి దగ్గర దాచబడింది, పాత్ర దగ్గరా, మీ దగ్గరా?

3. పోస్టర్‌లో స్త్రీ ఉంటే ఆమె దుస్తులు, జుట్టు, చూపు దిశ గమనించండి. ఆమె మన వైపు చూస్తోందా, పక్కకు చూస్తోందా, అసలు ముఖం కనిపిస్తోందా? మీ ఇంట్లోని పెద్దవాళ్లలో ఒకరికి ఆ పోస్టర్ చూపించి, ఆ రూపం వారికి ఎవరిని గుర్తు చేస్తోందో అడగండి. వారి మాటలను వారి మాటల్లోనే రాసుకుని, మీ విశ్లేషణతో ఎక్కడ కలుస్తోందో, ఎక్కడ విభేదిస్తోందో ఒక పుటలో వివరించండి.